మునక లోతు

కళ్యాణదుర్గం, రాయదుర్గం రోడ్డు, మూడో షట్టరు.
వన్నూరప్ప మోటరు రీవైండింగు.
కాలిన రాగితీగ వాసన.
గోడ మీద బొగ్గుతో గీసిన ఓడ.

"పడవా మామా?" అని
పనిలో చేరిన రోజు అడిగినందుకు
మధ్యాన్నం దాకా నాకు టీ లేదు.

పడవ కాదంట. విధ్వంసక నౌక.
పెద్ద యుద్ధం ముగిసినాక
ఇంక చావు ఆకాశం నుంచే వస్తాదని లెక్కేసి
నల్లసముద్రం ఒడ్డున ఎవరో గీసిన గీత.
బాయిలరు లేదు, ఆవిరి లేదు.
విమానం గుండెకాయలు నాలుగు,
ఇరుసులు రెండు,
జంటలు జంటలుగా పక్కకి వాలిన పొగగొట్టాలు.
"ఆవిరి ఓడ లెయ్యాలంటే
నడిరేతిరి నుంచే పొయ్యి రాజెయ్యాల.
మాది, బీడీ ముట్టించి ఆర్పేలోగా రెడీ.
పాడతాదిరా అది! సన్నగొంతు, పైకి, ఇంకా పైకి.
రేవులో కండ్లు మూసుకోనే చెప్పేటోళ్ళు,
వచ్చింది పెద్దామేనా, మూడో చెల్లెలా అని."

ఐదు మంది అక్కచెల్లెండ్లు ఆ వరసలో.
అసలు పేర్లు ఆయన నోట రావు.

భర్తీ రోజు ఆఫీసరు అడిగినాడంట
సముద్రం ఎప్పుడన్నా చూసినావా అని.
"చూసినా సార్, బుక్కరాయసముద్రం.
ఈ ఏడు దాంట్లో మేకలు మేస్తాండాయి."

అందుకేనేమో ఆయన్ని
ఉప్పునీళ్ళు కాంచి మంచినీళ్ళు తీసే యంత్రం మీద వేసినారు.
టర్బైన్లకి ముందు, వంటకి తర్వాత,
మనుషులకి ఆఖర్న.
తలకి అర బకెట్టు.
తక్కిన పిల్లోళ్ళు గోలగోల.
ఈయన అరబకెట్టులోనే తానం చేసి, గుడ్డ జాడించి,
మిగిలిన చెంబెడు పక్కవానికిచ్చినాడు.
"ఆ చదువు నౌకాదళం చెప్పింది కాదు,
మాయమ్మ హుసేనమ్మ చెప్పింది."

ఏండ్లు పోయేకొద్దీ పెద్దామె ఒళ్ళు మార్చినారు.
పాత ఫిరంగి పీకి, కొత్త క్షిపణి గొట్టాలు దించి,
మాస్టు నెత్తిన ఇంకో రాడారు.
"పైన ఏం పెట్టినారో అందరూ చూస్తారు.
ఎంత మునిగిందో నేను చూసేటోన్ని.
ఒక అర అడుగు, అంతే.
ఆ అర అడుగు ఆమె నడకలో తెలిసేది."

"మరి విధ్వంసం ఏం చేసింది మామా?"
చాలాసేపు వార్నీషు కలుపుతాడు.
"గురి నేర్చుకునేకి పాత పడవలు రెండో మూడో.
తుఫాను తర్వాత ఒక దీవిలో బియ్యం మూటలు దించినాం.
ఇంకో రాత్రి..."
ఆ రాత్రి మాత్రం ఇప్పటికీ వార్నీషు డబ్బాలోనే ఉంది.

పెద్దామెను పక్కన పెట్టే రోజు
షట్టరు సగం దించినాడు.
నా ఫోన్లో పొద్దు కుంకింది, జెండా దిగింది.
చెప్పులిడిచి నిలబడి చూసినాడు.
తర్వాత గోడ దగ్గరికి పోయి
ఓడనట్లే ఉంచి
నీటిగీత ఒక్కటి బొటనవేలితో తుడిచేసినాడు.

ఆ వారమే బెళుగుప్ప తిప్పేస్వామి వచ్చినాడు,
ఈ ఏడు కాలిన మూడో మోటరు భుజాన.
"ఎన్నడుగులకి దించినావు?"
"తొమ్మిది వందలు."

వన్నూరప్ప గోడ వైపు తిరిగినాడు.
"మా ఓడ పొడుగు నాలుగు వందల ఎనభై.
నీ బోరులో ముక్కు కిందికి పెట్టి నిలబెడితే
మాస్టు కొన కూడా కనపడదు.
దాని నెత్తిన ఒక చెల్లెల్ని నిలబెడితే
అరవై అడుగులు బయటికొస్తాది, అంతే."

"అంత పెద్దది, నీళ్ళల్లో ఎంత మునిగేది?"
"పదారడుగులు."

తిప్పేస్వామి నవ్వినాడు, పండ్లన్నీ కనపడేట్టు.
"అన్ని ఫిరంగులు మోసేదానికి పదారేనా!
నేను రెండెకరాల చీనీచెట్లకి
తొమ్మిది వందలు మునిగినా."

ఎవరూ ఏం అనలా.
లారీ ఒకటి పోయింది.

సాయంత్రం చుట్టేసిన మోటరు
డ్రమ్ము నీళ్ళలో ముంచి స్విచ్చి వేసినా.
సన్నగా మొదలైంది, పైకి, ఇంకా పైకి.
వన్నూరప్ప కండ్లు మూసుకున్నాడు.

"పాడతాందా మామా?"

"లేదు. బేరింగు పోయింది.
విప్పు."